మోటారు యాభై అయిదేళ్లు ఆడింది

ఉదయభాస్కర్ డిప్లమా మధ్యలోనే ఆగిపోయింది. తరవాత రాజమండ్రి పాత పుస్తకాల కొట్లలో దొరికినవి కొని, కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపించే మూల ప్రోగ్రాం, కెర్నెల్ అంటారే, అది ఎలా పనిచేస్తుందో కొవ్వూరులో ఇంట్లోనే కూర్చుని నేర్చుకున్నాడు. ఊరికి మాత్రం అతను ఫోన్లు బాగుచేసే కుర్రాడు. ఆ మాట వింటే అతనికి ఒళ్లు మండేది.

అందుకే మేనమామ బుల్లబ్బాయి పొలం మోటారుకి చిన్న కంప్యూటర్ ఉన్న ఓ పెట్టె తయారుచేశాడు. కరెంటు రాగానే మోటారు వేస్తుంది. నాలుగు గంటలు ఆడాక, కాలిపోకుండా ఆపుతుంది.

దాళ్వాలో, అంటే రెండో పంటకి, శివారు పొలాలకి కాలువ నీళ్లు వంతుల మీదే; వంతు రోజున మోటారుతో తోడుకోవాలి. చేను పొట్ట మీదుంది, కంకి వేసే ముందు నీళ్లు తప్పకూడదు. తన వంతు రోజున బుల్లబ్బాయి పెట్టెను నమ్మి పెద్దాపురం పెళ్లికి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మోటారు ఆగి ఉంది, చేను నెర్రెలిచ్చి ఉంది, వంతు దాటిపోయింది. మళ్లీ నీళ్లు వచ్చే వారమే.

"ఏరా, నీ పెట్టె నిద్రపోయిందా?"

ఉదయ్ గట్టు మీద లాప్‌టాప్ తెరిచి చూశాడు. తప్పు తనదే. కెర్నెల్‌లో రెండు గడియారాలుంటాయి. ఒకటి తేదీ, టైము చెబుతుంది; దాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు. రెండోది పెట్టె మొదలైనప్పటినుంచి ఎంతసేపయిందో మాత్రమే లెక్కపెడుతుంది, వెనక్కీ ముందుకీ దూకదు. తను మొదటిదాన్ని అడిగాడు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. టైము దాచుకునే బ్యాటరీ లేని పెట్టె, కెర్నెల్ తేదీల లెక్క మొదలయ్యే 1970లో లేచి మోటారు వేసింది. కాసేపటికి సిగ్నల్ అంది తేదీ సరైపోయింది. అంతే, మోటారు యాభై అయిదేళ్లు ఆడిందనుకుని ఆపేసింది. ఇంట్లో పరీక్షించినప్పుడు నెట్ ఎప్పుడూ ఉండబట్టి ఈ తప్పు బయటపడలేదు.

అత్త రత్నమాణిక్యం అంతా విని, "అయితే ఈపాటికి నీ మనవలు కోతలకి వచ్చుండాలి కదరా," అంది.

ఒక్క లైను. అక్కడికక్కడే మార్చాడు. మూడుసార్లు కరెంటు తీసి పెట్టి చూశాడు. ఒక్కసారీ తప్పలేదు. వారమంతా ఇంటికి వెళ్లి చెప్పినా మామ వినలేదు.

వంతు వచ్చింది. అప్పటికే చేలో అక్కడక్కడ గింజ పట్టని తెల్లకంకులు కనిపిస్తున్నాయి. బుల్లబ్బాయి స్టార్టరు పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"ఈసారి పెట్టె పెట్టండి మావయ్యా. నేను పక్కనే ఉంటానండి."

"నువ్వు పక్కనుంటే ఇంక పెట్టెందుకురా?"

ఉదయ్ పెట్టెను సంచిలోకి తోసి, మామ పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. కరెంటు వచ్చింది. బుల్లబ్బాయి చేత్తో బటన్ నొక్కాడు. ఉదయ్ సంచిలో, పవర్ బ్యాంకు మీద నడుస్తున్న పెట్టె తప్పు లేకుండా లెక్కపెట్టుకుంటూనే ఉంది.