సరైన జవాబుకు ‘తప్పు’

నా చిన్నప్పుడు, 1960లలో, నాన్న పిహెచ్‌డి కోసం అమెరికా దక్షిణాదిలోని ఒక చిన్న ఊరికి వచ్చారు. మాకు అద్దెకు దొరికిన ఇల్లు నల్లవారి వీధిలో ఉండేది. పక్కింటి ఆంటీ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆమెకు ఓటు లేదు. నల్లవారిని ఓటర్లుగా చేర్చుకోవడానికి ఆఫీసులో పరీక్ష పెట్టేవారు. అందులో ఆమె అప్పటికే రెండుసార్లు తప్పిందన్నారు.

మూడోసారి వెళ్ళేముందు నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టి, రాజ్యాంగం మీద ప్రశ్నలు అడగమంది.

"నేనేం చెప్పినా నువ్వు 'తప్పు' అనాలి, బంగారం."

"మీరు కరెక్టుగానే చెబుతున్నారుగా ఆంటీ!"

"జవాబులు నాకొచ్చు. కోపం రాకుండా కూర్చోవడమే ప్రాక్టీస్ చేయాలి."

నవ్వుతూ మొదలుపెట్టాను. కాసేపటికి ఏడుపొచ్చి ప్రశ్నల కాగితం పక్కన పెట్టేశాను. అప్పుడామె నన్ను ఊరడించడానికి దేశాధ్యక్షుడి కథ చెప్పింది. కుర్రతనంలో ఆయన పేదపిల్లల బడిలో పంతులట. పిల్లలు ఆకలితోనే వచ్చేవారట. తరవాత చట్టసభకు వెళ్ళి, నల్లవారి హక్కుల బిల్లులు వద్దని ఏళ్ళ తరబడి ఓటేశాడట. ఇప్పుడు అధ్యక్షుడై, ఈ పరీక్షలు ఎత్తేసే చట్టం తెస్తానని టీవీలో చెప్పాడట.

"ఇన్నాళ్ళకు ఆ బడిపిల్లలు గుర్తొచ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే నేనే ఉండను," అని నవ్వింది.

మర్నాడు నాన్న ఆమెను కారులో తీసుకెళ్తానంటే అమ్మ అడ్డుపడింది.

"వీసా మీద ఉన్నవాళ్ళం, మనకెందుకండీ?"

"డ్రైవ్ చేస్తానే, అంతే. నోరు విప్పను."

నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసులో ఆంటీ చెప్పిన జవాబు నాకూ తెలిసిందే. గుమాస్తా తలెత్తకుండానే "తప్పు" అన్నాడు. నాన్న చెయ్యి పట్టుకుని గుంజాను. ఆయన అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఆంటీ గుమాస్తాకు థాంక్యూ చెప్పి లేచింది. బయటికొచ్చాక నా జుట్టు నిమిరి, "'తప్పు' అని వాడికంటే నువ్వే బాగా అన్నావు," అంది.

చట్టం వచ్చేనాటికి మేము ఇండియా వెళ్ళిపోయాం. రేడియోలో విన్నాం. ఆ తరవాత దూరదేశంలో సాగించిన యుద్ధం వల్ల అధ్యక్షుడికి చెడ్డపేరు వచ్చింది. మళ్ళీ పోటీ చేయకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆంటీ ఓటు వేసిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు మళ్ళీ అమెరికా వచ్చి, ట్రాయ్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. 2013 వేసవిలో, ఆ ఓటుహక్కు చట్టంలోని కీలక భాగాన్ని ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసిందని టీవీలో చూశాను. రోజూ రాసే డైరీ తెరిచి, ఏం రాయాలో తోచక మూసేశాను.

కొన్నాళ్ళకే నా సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ. అందులోనూ రాజ్యాంగం మీదే ప్రశ్నలడుగుతారు. ఆఫీసర్ అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆమె చిరునవ్వుతో "కరెక్ట్" అంది. నేను మాత్రం అప్పటికే 'తప్పు' అనే మాట వినడానికి సిద్ధమై, కోపం రాకుండా కూర్చుని ఉన్నాను, ఆంటీ కూర్చున్నట్టే.