పామర్రు నుంచి ఫోను

బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు మెరుగుపెట్టే రత్నరాజు మంచివాడే, కాదనను. డాబు మాత్రం జాస్తి. 2003లో బావ మోషే గల్ఫ్ నుంచి విజిట్ వీసా పంపగానే మనిషి నేల మీద నిలిస్తే ఒట్టు. ఆదివారం చర్చిలో సాక్ష్యానికి లేచి, దేవుడు తన కోసం తలుపు తెరిచాడని, వెళ్ళిన నెలలోనే సంఘానికి మైకు సెట్టు పంపిస్తానని చెప్పాడు. పాస్టరు గారు తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. వీధివీధికీ తిరిగి వెళ్ళొస్తానని చెప్పాడు.

తీరా బొంబాయి ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గరే ఆపేశారు. యుద్ధం వచ్చేలా ఉందట, విజిట్ వీసా వాళ్ళని కొన్నాళ్ళు దేశంలోకి రానివ్వరట. ఎన్నాళ్ళని అడిగితే తెలియదన్నారు. ఇందులో అతని తప్పేముంది చెప్పండి? తిన్నగా ఇంటికొచ్చి ఉన్నమాట చెబితే అయిపోయేది. కానీ బెజవాడలో బందరు బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆ మైకు సెట్టే గుర్తొచ్చింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుని, పామర్రులో దిగిపోయాడు. అక్కడ పంక్చర్ల షాపు నడిపే రాజబాబు పాత స్నేహితుడు. ఆ షాపు వెనక గదిలో చేరాడు.

మర్నాడు పొద్దున్నే బస్టాండు పక్క ఎస్‌టీడీ బూతు నుంచి పాస్టరు గారింటికి ఫోను చేసి, భార్య రమణమ్మను పిలిపించాడు.

"చేరానే. ఇక్కడంతా బానే ఉంది," అన్నాడు.

"సరేనండీ. ఆరోగ్యం జాగ్రత్త," అంది. నమ్మిందనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరికే సిగ్గేసింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకు అబద్ధం చెప్పడం అదే మొదలు.

ఆదివారానికి ఇక ఉండబట్టలేక బందరు బస్సెక్కాడు. తను చేరినందుకు సంఘమంతా స్తుతులు చెల్లిస్తుంటుంది, దేవుడి ముందు కూడా తన అబద్ధమే నిలబడుతుంది అన్న దిగులు దారంతా పీకింది. చర్చి వెనక కిటికీ పక్కన చెప్పులు విడిచి నిలబడ్డాడు.

లోపల పాస్టరు గారి గొంతు వినిపించింది. "తండ్రీ, మా రత్నరాజు ఇంటికి రావడానికి సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు తీసేసి తీసుకురా." అందరూ ఆమెన్ అన్నారు. మైకు లేకపోయినా ఒక్క ముక్క పోకుండా వినబడింది. రత్నరాజు సిగ్గుతో కుంచించుకుపోయాడు. వీళ్ళందరికీ తెలుసన్నమాట.

ఆరాధన అయ్యాక రమణమ్మ బయటికొచ్చి అతన్ని చూసింది. ఆశ్చర్యపోలేదు. పిల్లలు కూడా నాన్న మాట వింటారని ఆ రోజు పాస్టరమ్మ గారు ఫోను స్పీకర్లో పెట్టారని, గదిలో పదిమంది ఉన్నారని చెప్పింది. అతను మాట్లాడుతుంటే వెనకాల కండక్టరు "గుడివాడ, గుడివాడ" అని అరుస్తూనే ఉన్నాడట. బందరు దారిలో గుడివాడ రోడ్డు చీలేది పామర్రులో, రాజబాబు ఉండేదీ అక్కడే కాబట్టి ఎక్కడున్నాడో అందరికీ అర్థమైపోయిందట.

అతను తలెత్తలేదు. "అప్పుడే అడగొచ్చుగా," అన్నాడు.

"అంతమంది ముందు మిమ్మల్నెలా అడగనండీ?" అంది రమణమ్మ. "నాతో అయినా నిజం చెప్తే నేనే వచ్చి తీసుకొచ్చేదాన్ని. పామర్రు ఎంత దూరమని?"