బాల్కనీలో నడిచిన రేసు కారు

…అందుకే తాత కెమెరా ఇంకా నా స్కూలు బ్యాగులోనే ఉంది. నిన్న ఇక్కడిదాకా రాసి ఆపేశాను. మీకు మొదటి నుంచి చెప్తాను.

మొన్న పొద్దున పాలు తెచ్చిన అమ్మ గడపలోనే నిలబడి అంది: "ఫోటో తాత పోయిండే. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట." నేను పళ్లు తోముకుంటున్నాను. అలాగే తోముకుంటూ ఉండిపోయాను. ముందు రోజు సాయంత్రమే ఆయన నా చేతిలో కెమెరా పెట్టి "రేపు తెచ్చియ్యి" అన్నాడు. రేపంటే ఆ పొద్దే.

ఆయన మాకు చుట్టం కాదు. మా దుకాణం వెనక వీధిలో, మేడమీద స్టూడియో. నాందేడ్‌లో మా తెలుగువాళ్ల పెళ్లిళ్లన్నీ ఆయన చేతి ఫోటోలే. స్టూడియో గోడల మీద మాత్రం ఒక్క పెళ్లికూతురూ లేదు. అన్నీ రేసు కార్లే. మద్రాసు దగ్గర పాత రన్‌వే మీద రేసులు జరిగే కాలంలో ఏటా రైలెక్కి పోయేవాడు. మలుపులో గడ్డిమోపుల వెనక మోకాళ్ల మీద కూర్చుని తీసేవాడు. ఆ రేసులు ఆగిపోయాక, అవే కార్లను ముసలివాళ్లు తుడిచి నడిపించే చోటికల్లా పోయాడు. నేను తలకు ఆముదం పెట్టుకుని వెళితే ముక్కు ఎగబీల్చి, "రేసు వాసనొస్తున్నదే పిల్లా!" అనేవాడు. ఆ ఇంజన్లలో ఆముదమే పోసేవారట.

పక్కనే వెల్లుల్లి ఒలుస్తూ కూర్చునే అవ్వ, ఆయన భార్య, ఊరుకునేది కాదు. "మా చెల్లె పెండ్లి ఫోటోలల్ల అందరం మసక మసక. నిలవడ్డోళ్లం! ఉరికే కార్లేమో అద్దంలెక్క."

"కార్లు కండ్లు మూయయి గదనే," అనేవాడు తాత.

నా ట్యూషన్ నాలుగింటికే అయిపోతుంది. ఇంట్లో ఐదింటికని చెప్పాను. ఆ గంట ఏడాదిగా ఆ స్టూడియో బాల్కనీలోనే గడిచింది. నాన్నకు తెలిస్తే బయటికే పంపడని భయం.

కింద రోడ్డు మీద ముఖేడ్ పోయే ఎర్ర బస్సే మా రేసు కారు. కెమెరాలో ఫిల్మ్ రోలు ఉండేది కాదు. తానూ ధర్మాబాద్ స్టేషన్ బయట ఉత్త కెమెరాతోనే నేర్చుకున్నానని చెప్పేవాడు. "చేతులు గాదు, నడుం తిప్పు. బస్సు దూరం ఉన్నప్పుడే దాన్ని పట్టు. నొక్కినంక గూడ ఆగకు."

"ఎందాక తిప్పాలె తాతా?"

"అది పొయ్యేదాక."

అలా తిప్పుతూ తీస్తే బండి ఒక్కటే నిలబడుతుంది, వెనకున్నవన్నీ గీతలైపోతాయి. తిరిగిచ్చే ముందు వెనక మూత తీసి, చిన్న బ్రష్‌తో దుమ్ము దులపాలి. అది ఆయన పెట్టిన నియమం. రోజూ చేసేదాన్ని.

చివరి సాయంత్రం బస్సు రాలేదు. "నన్నే పట్టు" అని తాత ధోతి పైకి చెక్కుకుని, నోటితో ఇంజన్ మోత చేస్తూ బాల్కనీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. "ముసలోనికి పిచ్చి లేసింది" అని అవ్వ వెల్లుల్లి పొట్టు విసిరింది. నేను నవ్వుతూనే తిప్పాను, నొక్కాను. రోలు జరిపే లివర్ కొంచెం బరువుగా తిరిగింది. పట్టించుకోలేదు. ఇంటికొచ్చి మా మేడ మీద నుంచి ఆటోలను, ఆవులను పట్టాను.

చావు కబురు విన్నాక నాకు తోచింది ఒక్కటే. కెమెరా తిరిగివ్వాలి. ఇవ్వాలంటే దులపాలి. మూత తీశాను.

లోపల రోలు ఉంది.

టక్కున మూసి నల్ల చున్నీలో చుట్టాను. అప్పటికే వెలుతురు తగిలింది; తగిలితే తీసినవి చెరిగిపోతాయి.

వాళ్లింట్లో దీపం పక్కన పెట్టిన ఫోటో ఆధార్ కార్డుది, పెద్దది చేయించారు. అందరినీ తీసిన మనిషికి తనదంటూ ఇంకో ఫోటో లేదు. అవ్వ నా చెవిలో అంది: "నీకు తెల్వకుండ రోలు ఏసిండు బిడ్డా. తెలిస్తే చెయ్యి బిగుస్తదని నవ్విండు. అండ్ల ఆయన నడిసింది గూడ ఉన్నది గదా?" తల ఊపాను. మూత సంగతి చెప్పలేదు.

ముఖేడ్ నుంచి వచ్చిన తాత కొడుకు బీరువాలన్నీ వెతుకుతున్నాడు. "బాపు కెమెరా ఏడవోయింది? ఎవడో ఎత్కపోయిండు!"

"యాడికి పోతది, అస్తది" అంది అవ్వ, నా వైపు చూడకుండా.

ఒకసారి మద్రాసులో మూత ఊడితే మొదట తీసిన కార్లే మిగిలాయని తాత చెప్పేవాడు. ముందు తీసినవి లోపల చుట్టుకుంటాయి, పై చుట్లు ముందు పోతాయి. ఇప్పుడు పైన నా ఆటోలు, ఆవులు. అన్నిటికన్నా లోపల తాత. ఆవులు ఆయన్ను కాపాడాయో లేదో రోలు కడిగితే గాని తెలియదు. ఆ పని కొడుక్కి చిన్నప్పుడే నేర్పాడని అవ్వ అంటుంది. అంటే ఆ కొడుక్కే చెప్పాలి. చెప్తే నాన్నకు తెలుస్తుంది.

కళ్లు మూస్తే తాత ధోతి చెక్కుకుని ఇంకా నడుస్తున్నాడు. నా నడుం ఆయన వెంట తిరుగుతూనే

తలుపు కొడుతున్నారు. నాన్న.

"ఏందే, పట్టపగలు గొళ్లెం ఎందుకు? తాత కొడుకు అచ్చిండు. నీతోని ఏందో మాట్లాడాల్నట."

ఈ కాగితాలు కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టేస్తున్నాను. కెమెరాను మాత్రం చున్నీతో సహా బ్యాగులోంచి బయటికి తీశాను.