ఆడనివాడి అభిమాని

మా గంగాధర్‌గారు ఆట చూడరు. ఆడనివాణ్ణి చూస్తారు.

ఇది విని మీరు నవ్వితే నాకేం అభ్యంతరం లేదు. సింగపూర్‌లో క్లెమెంటి అనే పేటలో ఆయన ఫ్లాట్‌లో అద్దెకు దిగిన మొదటి వారం నేనూ నవ్వాను. అవి తొంభై తొమ్మిదో సంవత్సరం నాటి రోజులు. కంప్యూటర్ ఆన్ చేయడం, ఆఫ్ చేయడం రెండూ వచ్చినవాణ్ణి ఏదో ఒక కంపెనీ పట్టుకుని విమానం ఎక్కించేసేది. నాకు ఆన్ చేయడం బాగా వచ్చు కాబట్టి నేనూ సింగపూర్‌లో దిగాను. గంగాధర్‌గారు ఆఫీసులో నాకు సీనియర్, ఇంట్లో ఓనర్. మొదటిరోజే నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "ఇంటర్వ్యూలో నువ్వు రెండోవాడివయ్యా బాలూ! మొదటివాడు వేరే కంపెనీకి పోయాడు. నాకెంత సంతోషమైందో!" అన్నారు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఆ ఇంట్లోనే ఇంకో గదిలో అభిజిత్ ఉండేవాడు. విజయనగరం కుర్రాడు, పక్కనున్న యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఆరడుగుల రెండంగుళాల పొడుగు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్. అంటే, రిజర్వు గోల్‌కీపర్. అసలు గోల్‌కీపర్ వీ మింగ్ అనే చైనీస్ కుర్రాడు. ఆ మహానుభావుడికి జలుబు కూడా చేసేది కాదు. మూడేళ్ళుగా మా అభిజిత్ బెంచీ మీద కూర్చోవడమే తప్ప ఒక్క నిమిషం మైదానంలోకి దిగలేదు. వాడి కోరికల్లా ఒక్కటే. కాలేజీ వదిలేలోపు ఒక్క మ్యాచ్ ఆడాలి, అది గంగాధర్ అంకుల్ చూడాలి.

ఎందుకంటే ఆ మూడేళ్ళూ వాడికున్న అభిమాని ఆయనొక్కరే. ప్రతి ఆదివారం ఫ్లాస్కులో టీ పోసుకుని, వాళ్ళావిడ వసుంధర ఆంటీ చేసిన చేగోడీల డబ్బా చంకన పెట్టుకుని, టోపీ తగిలించుకుని బయల్దేరేవారు. సరిగ్గా రిజర్వు బెంచీ వెనక మెట్టు మీద కూర్చునేవారు. బంతి ఎటు పోతే జనం తలలన్నీ అటు తిరిగేవి. ఆయన తల మాత్రం కదిలేది కాదు.

ఓ ఆదివారం నన్నూ లాక్కెళ్ళారు. పావుగంటలో మనవాళ్ళు గోల్ కొట్టారు. నేను ఎగిరి గంతేశాను.

"చూశావా?" అన్నారాయన.

"చూశానండీ! ఏం కొట్టాడండీ, బంతి అలా తిరిగి..."

"బంతెవడు చూశాడయ్యా! అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది మనవాడు. అది చూశావా?"

చూడలేదని ఒప్పుకున్నాను.

"మరి వచ్చి ఏం చూశావు?" అని విసుక్కున్నారు.

రాత్రి భోజనాల దగ్గర సమీక్ష జరిగింది. గంగాధర్‌గారు పెరుగు కలుపుకుంటూ తీర్పు చెప్పారు. "ఇవాళ పదికి ఏడు."

"అదేంటంకుల్! పోయిన వారం ఎనిమిదిచ్చారు," అన్నాడు అభిజిత్.

"పోయిన వారం కాలుమీద కాలేసుకోలేదు. ఇవాళ యాభయ్యో నిమిషంలో వేశావు. అప్పుడు కోచ్ పిలిస్తే ఆ కాలు దింపాలి, లేవాలి, గ్లవుజులు తొడుక్కోవాలి. ఈలోపు గోల్ అయిపోదూ?"

"మూడేళ్ళనించి పిలవలేదు కదంకుల్."

"అదే అంటున్నా. ఇంతకాలం పిలవలేదంటే ఇక ఏ క్షణమైనా పిలవొచ్చు."

ఆ లెక్క ఎలా వచ్చిందో మా ఇద్దరికీ అర్థం కాలేదు. అయినా మర్నాటినుంచి అభిజిత్ అన్నం తినేటప్పుడు కూడా కాలుమీద కాలు వేయడం మానేశాడు.

ఈ పిచ్చి మైదానంతో ఆగేది కాదు. సింగపూర్‌లో హాకర్ సెంటర్‌కి, అంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాలుకి, వెళ్తే ఎవరైనా పొడుగు క్యూ ఉన్న కొట్టు వెతుక్కుంటారు. మా గంగాధర్‌గారు ఎవరూ లేని కొట్టు వెతుక్కుంటారు. "పాపం, ఆ పెద్దాయన పొద్దుట్నించీ గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడయ్యా," అని మాచేత అక్కడ నూడుల్స్ తినిపించారు. అక్కడ ఎందుకు ఎవరూ లేరో గంటలోనే తెలిసింది. ఆ సాయంత్రం నేనూ అభిజిత్తూ బాత్రూంకి వంతులేసుకున్నాం.

"మీకిది కొత్త. నాకు పెళ్ళినాడే తెలుసు," అంది వసుంధర ఆంటీ, మాకు మజ్జిగలో ఉప్పు కలిపిస్తూ. "తోడి పెళ్ళికూతురుగా మా పిన్ని కూతుర్ని కూర్చోబెట్టారు. ఆ పిల్లకి ఉక్కపోస్తోందని ఈయన విసనకర్ర తీసుకుని విసరడం మొదలెట్టారు. ఇక్కడ నా బాసికం జారి ముక్కు మీదికొస్తుంటే చూసే దిక్కు లేదు!"

నాకు కుతూహలం పట్టుకుంది. మనిషికి ఇలాంటి అలవాటు ఊరికే రాదు కదా. ఆయన్ని కూడా కాలేజీలో బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటారు, ఆ బాధ లోపల ఉండిపోయి ఉంటుంది అని నేనో సిద్ధాంతం తయారుచేశాను. ఓరోజు ఆఫీసుకెళ్ళే రైల్లో, నొచ్చుకోకుండా అడగాలని చాలా జాగ్రత్తగా మొదలుపెట్టాను.

"సార్, చదువుకునే రోజుల్లో మీరు కూడా రిజర్వేనా?"

"నేనా?" అంటూ ఛాతీ విరిచారు. "కాకినాడలో మూడేళ్ళు క్రికెట్ కెప్టెన్నయ్యా! ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ని!"

నా సిద్ధాంతం అక్కడికక్కడే కూలిపోయింది.

"మరి ఇదంతా..."

ఆయన కిటికీ వైపు తిరిగారు. అటే చూస్తూ అన్నారు. "మా జట్టుకి పన్నెండోవాడు ఒకడుండేవాడు. మూడేళ్ళూ మాకు నీళ్ళు మోశాడు. గ్రూప్ ఫోటో తీస్తుంటే మా కిట్ బ్యాగులకి కాపలా ఉన్నాడు, అందుకని ఫోటోలో కూడా లేడు. మొన్నామధ్య పాత పేర్లన్నీ గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. వాడి పేరు మాత్రం గుర్తురావట్లేదు బాలూ. ఎంత ఆలోచించినా రావట్లేదు."

 ఆ మాట అని ఆయన సంచిలోంచి ఫైలు తీసి చదువుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఏడు మన జట్టు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. అందులో వీ మింగ్ వరుసగా రెండు గోల్స్ వదిలేసరికి స్టాండ్స్‌లో కుర్రాళ్ళు లేచి, "వుయ్ వాంట్ అభి! వుయ్ వాంట్ అభి!" అని అరవడం మొదలెట్టారు. అభిజిత్ మొహం వెలిగిపోయింది. కోచ్ దింపలేదు, మ్యాచ్ ఎలాగో గెలిచారు. ఇంటికొచ్చాక కూడా వాడు గాల్లోనే ఉన్నాడు.

"విన్నారా అంకుల్? నాకోసం అరిచారు!"

"విన్నాను. అది నీమీద ప్రేమ కాదురా, వాడిమీద కోపం," అన్నారు గంగాధర్‌గారు. "నువ్వు ఇంతవరకూ ఒక్క గోల్ కూడా వదల్లేదు. దిగితే కదా వదిలేది! దిగనంతసేపే నువ్వు దేవుడివి."

అభిజిత్ మొహం మాడ్చుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం సెమీఫైనల్. మనవాళ్ళు రెండు గోల్స్ ముందున్నారు. ఇంకో ఇరవై నిమిషాల ఆట ఉంది. వీ మింగ్ ఎగిరి బంతి పట్టుకుని కిందికి దిగుతూ మోకాలు పట్టుకుని కూలబడిపోయాడు. మళ్ళీ లేవలేకపోయాడు. కోచ్ బెంచీ వైపు తిరిగి వేలు చూపించాడు.

అభిజిత్ లేచాడు. గాభరాలో కుడి గ్లవుజు ఎడమ చేతికి తొడుక్కున్నాడు. మెట్టు మీదున్న అంకుల్ వైపు ఒక్కసారి చూసి పరిగెత్తాడు. నాకు ఒళ్ళు పులకరించింది. మూడేళ్ళ తపస్సు!

గంగాధర్‌గారు లేచారు. గోల్ దగ్గరికెళ్ళి బాగా చూడబోతున్నారనుకుని నేనూ లేచాను. ఆయన తిన్నగా బెంచీ దగ్గరికి దిగి, అప్పటికే మోసుకొచ్చి అక్కడ పడుకోబెడితే ముఖమ్మీద తువ్వాలు కప్పుకున్న వీ మింగ్ పక్కన కూర్చున్నారు, మైదానానికి వీపు పెట్టి!

"సార్! అభిజిత్ దిగాడు!" అని అరిచాను.

"తెలుసయ్యా."

"మీరు చూడరా?"

"నువ్వు చూస్తున్నావుగా. చూడు."

నాకు తిక్క రేగింది. అక్కడ కుర్రాడు ప్రాణం పెట్టి ఆడుతుంటే ఇదేం మనిషండీ! ఆయన్ని వదిలేసి గోల్ వెనక్కి పరిగెత్తాను. అభిజిత్ దగ్గరికొచ్చిన మొదటి బంతి వాడి రెండు కాళ్ళ మధ్యనించి వెళ్ళి గోల్లో పడింది. వారం క్రితం వాడి పేరు అరిచిన కుర్రాళ్ళే, "బ్రింగ్ బ్యాక్ వీ మింగ్!" అని మొదలెట్టారు. కుంటుతూ రమ్మంటారా వాణ్ణి? ఆ తర్వాత మాత్రం మావాడు కోలుకున్నాడు. ఒక బంతిని వేలికొసలతో తోసేశాడు. ఇంకోదాన్ని మొహంతో ఆపాడు. కావాలనే ఆపానని ఇప్పటికీ అంటాడు. రెండు, ఒకటితో గెలిచాం.

విజిల్ వేయగానే అభిజిత్ జట్టువాళ్ళను వదిలించుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. అక్కడ అంకుల్ లేరు. బెంచీ దగ్గర, మైదానానికి వీపు పెట్టి కనిపించారు.

"చూడలేదా?" అన్నాడు వాడు. ఎర్రగా వాచిన ముక్కుతో ఏడుపు ఆపుకుంటున్నాడు. "మూడేళ్ళు ఊరికే కూర్చుంటే చూశారు. ఇరవై నిమిషాలు ఆడితే చూడలేదా అంకుల్?"

గంగాధర్‌గారు తలెత్తారు. "ఒరేయ్, ఇవాళ నిన్ను చూడ్డానికి ఇంతమంది ఉన్నార్రా. వీడికేసి చూసినవాడు ఒక్కడు లేడు. తువ్వాలు కింద ఏడుస్తున్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

వీ మింగ్‌కి తెలుగు రాదు. అయినా గొడవ దేనిగురించో అర్థమైనట్టుంది. నోట్లో ఉన్న చేగోడీ గబగబా నమిలి మింగి, వాళ్ళ సింగపూర్ ఇంగ్లీషులో అందుకున్నాడు.

"అభి, యువర్ అంకుల్ వెరీ స్కేర్డ్ లా! డోంట్ డేర్ టు టర్న్ అరౌండ్. ఎవ్రీ మినిట్ ఆస్క్ మీ, వాట్ హాపెన్, వాట్ హాపెన్. ఐ సిట్ అప్, ఐ టెల్ హిమ్ ఎవ్రీథింగ్. బాల్ కమ్, హి స్క్వీజ్ మై హ్యాండ్." కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. వేళ్ళు కమిలి ఉన్నాయి. "నౌ మై హ్యాండ్ మోర్ పెయిన్ దేన్ మై నీ!"

గంగాధర్‌గారు టోపీ సర్దుకుంటూ ఎటో చూశారు. అభిజిత్ ముక్కు ఎగబీల్చి, ఆ చెయ్యి చూసి, పగలబడి నవ్వాడు. ఆ సాయంత్రం వీ మింగ్‌ని చెరోపక్కా పట్టుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళింది వాళ్ళిద్దరే.

ఫైనల్‌కి అభిజిత్తే గోల్‌కీపర్. మ్యాచ్ మొదలయ్యేముందు వాడి మొహంలో నెత్తురు లేదు. గంగాధర్‌గారు కట్టు కట్టిన కాలితో ఉన్న వీ మింగ్ పక్కన బెంచీ మీద చేరారు. అది ఆటగాళ్ళ బెంచీ అని కోచ్ కూడా ఆయనకి చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నాడు. ఆయన జేబులోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి, తనకు రెండోపక్క బెంచీ మీద పెట్టారు. ఇక్కడ హాకర్ సెంటర్లో సీటు పట్టుకోవాలంటే ఇదే పద్ధతి. టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళామంటే వచ్చేదాకా ఆ చోటు మనదే, ఎవరూ ముట్టుకోరు. దాన్ని చోప్ చేయడం అంటారు. కానీ ఫుట్‌బాల్ బెంచీ మీద చోప్ చేసినవాణ్ణి సింగపూర్ చరిత్రలో నేనెరగను.

టోర్నమెంటు ఆఫీసరొకాయన వచ్చి ఆ ప్యాకెట్ వైపు అనుమానంగా చూశాడు. "అంకుల్, దిస్ ఈజ్ హూస్ ప్లేస్?"

"గోల్‌కీపర్స్," అన్నారు గంగాధర్‌గారు, గోల్ వైపు చెయ్యి చూపిస్తూ. "హి హ్యాజ్ సమ్ స్మాల్ వర్క్. హి విల్ కమ్ బ్యాక్."

గోల్ దగ్గరినుంచి అభిజిత్ అటే చూస్తున్నాడు. ఆ తెల్లటి ప్యాకెట్ చూశాడు. నేను గోల్ వెనకే ఉన్నాను కాబట్టి వాడు గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"ఇంక ఫరవాలేదన్నా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఎంత బాగా ఆడాడనుకున్నారు! అయినా మూడు గోల్స్ వదిలాడు, ఓడిపోయాం. స్టాండ్స్‌లో ఎవరో వాడిమీద అరుస్తూనే ఉన్నారు. వాడు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, ఆ టిష్యూ ప్యాకెట్ తీసి, చింపి, మొహం తుడుచుకుని, అదున్న చోట కూర్చున్నాడు.