రాజవ్వకు వినిపించాల్సిన వార్త

మొన్న మేడ్చల్‌లో సర్కారు దవాఖాన ముందు ఆటో దిగగానే స్పిరిట్ వాసన తగిలింది. ఒడిలో ఐస్ డబ్బా పెట్టుకుని, మూత మీద నుంచి చెయ్యి తీయకుండా కూర్చునే సరళ మేడం గుర్తొచ్చారు. కోస్తా నుంచి వచ్చి, శామీర్‌పేట అవతల ఒక పరిశోధనశాలలో పనిచేసేవారు. నిరుడు పోయారు.

నేనప్పుడు దినపత్రిక విలేకరిని. ఒంట్లో వాపును, మంటను చల్లార్చడానికి మన రక్షణ వ్యవస్థ పంపే ఒక సంకేతం రక్తనాళాలను కూడా కాపాడుతుందని ఆమె నమ్మకం. పరీక్షకు మనిషి రక్తనాళపు కణాలు కావాలి. అవి కాన్పు తర్వాత పారేసే బొడ్డుపేగులో దొరుకుతాయి. నేను ఆమెతో ఆ దవాఖానకు వెళ్లిన రోజు పుట్టిన పాప నాయనమ్మ రాజవ్వ మాత్రం అడ్డం పడింది.

"మాయ, పేగు అన్నీ మా సేన్ల పాతిపెట్టాలె. నీకెట్ల ఇస్త?"

"నాకు కావలసింది నాళం లోపలి పొర ఒక్కటే అవ్వా. అది తీసుకుని, పేగు సాయంత్రానికి నీ చేతికే తెచ్చిస్తాను."

"దేనికి బిడ్డా గిదంతా?"

"మంట చల్లార్చే సంకేతం నాళాలకు మేలు చేస్తుందని చూపించడానికి."

"సరె తియ్యి. గుంత తీసి కూసుంట. పరేషాన్ జెయ్యకు."

మేడం దవాఖాన వాళ్లను ఒప్పించి, పొర తీసుకున్నాక, పొద్దుగూకక ముందే పేగు ఉన్న డబ్బాతో చేనికి వెళ్లారు. మట్టి కప్పేదాకా నిలబడ్డారు.

కణాలు పెరిగాక నన్ను రమ్మన్నారు. పలుచని జల్లెడలాంటి పొర మీద అవి ఇంటి నేల మీది షాబాద్ బండల్లా సందు లేకుండా పరుచుకున్నాయి. పైన పోసిన నీలిరంగు నీళ్లు కిందికి దిగకపోతే నాళం గట్టిగా ఉన్నట్టు. సంకేతం తగిలిన పొర కింద మాత్రం గిన్నె నీలమైంది. మేడం మళ్లీ చేశారు. మళ్లీ నీలమే. చల్లార్చాల్సింది నాళంలో సందులు తెరిచింది.

నేను అప్పటికే ఆదివారానికి వార్త రాసి ఉంచాను. అది వస్తే, నిధుల్లేక ఆగిపోబోతున్న ఆమె ప్రాజెక్టు నిలబడే అవకాశం ఉంది. "మేడం, మిగతా చోట్ల మంట తగ్గిస్తుందన్నది నిజమే కదా. అంతవరకే వేద్దాం," అన్నాను.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వేయండి. ముందు రాజవ్వకు చదివి వినిపించి రండి."

వెళ్లలేకపోయాను. మర్నాడు ఆమే నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. రాజవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పారు. "నీకు నేను చెప్పింది తప్పయింది అవ్వా."

రాజవ్వ ఒళ్లో పాపను ఊపుతూ విన్నది. "నీ సంకేతం మా మరిది లెక్కనే ఉంది. లొల్లి ఆపి రాపో అని తోలితె, వాకిలి తీసి అందర్ని లోపటికి పిలిసిండు."

మేడం నవ్వారు. చాలా రోజుల తర్వాత చూసిన నవ్వు అది.

"ఇగ మల్ల జూస్తవా?"

"చూడనిస్తే చూస్తాను."

చూడనివ్వలేదు. వేసవికి ప్రాజెక్టు ఆగింది. నా వార్త ఉన్నది ఉన్నట్టుగా, లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. మేడం ఆ ముక్క కత్తిరించి తీసుకెళ్లి, రాజవ్వకు చదివి వినిపించి వచ్చారని తర్వాత తెలిసింది. ఆ ప్రాజెక్టు మాట నా దగ్గర మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పటికీ ఏది రాసినా పంపే ముందు ఒకసారి పైకి చదువుకుంటాను, ఎదురుగా రాజవ్వ ఉన్నట్టు. 'మేలు' అన్న మాట దగ్గర ఆగుతాను. చాలాసార్లు ఆ మాట కొట్టేస్తాను.