ఎదుటి కుర్చీలో కూర్చునే మాస్టారు

మంగళవారం ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు మాస్టారు పోయారు. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో మూడు రోజులున్నారు. గుండె అని డాక్టర్లు చెప్పారు. మధ్యాహ్నం రెండున్నరకు, విమానాశ్రయం పక్కనే ఉన్న లంబాలైన్‌లోని ఇంటి నుంచి బయల్దేరదీశారు. అప్పుడే రన్‌వే మీద విమానం దిగుతోంది. మంత్రం చదువుతున్న పంతులుగారు ఆ చప్పుడు తగ్గేదాకా ఆగారు. ఆ వీధిలో ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పిన మాస్టారూ అలాగే ఆగేవారు, మాట మధ్యలో, వేలు పైకెత్తి.

ఆయన ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పేవారు. రిటైరయ్యాక చేసిన పని వేరు. షాదీపూర్‌లో లాడ్జీలు, అబర్డీన్ బజార్‌లో స్కూటర్లు అద్దెకిచ్చే దుకాణం, జంగ్లీఘాట్‌లో చేపల భోజనం పెట్టే ఇల్లు, ఇలాంటి పదకొండు చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు ఆయన చూసేవారు. ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతికితే అవి కనబడాలి. ఆయన పట్టించుకున్నది అంతే. దాన్ని ఎస్‌ఈఓ అంటారని చాలాకాలం ఆయనకు తెలియదు. తెలిశాక కూడా ‘కనబడే పని’ అనే అనేవారు.

ఆ పదకొండింటిలో ఒకదాని పని మిగిలిపోయింది. జంగ్లీఘాట్ భోజనాల ఇల్లున్న కట్టడాన్ని కూల్చేస్తున్నారు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి భోజనం షాదీపూర్‌లో. సీజన్ మొదలయ్యేది అప్పుడే. వెబ్‌సైట్ మార్చడానికి బుధవారం వస్తానని మాస్టారు ఆ భోజనాల ఇల్లు నడిపే ఆవిడకు మాటిచ్చారు. మారకపోతే వచ్చేవాళ్ళందరూ కూల్చిన గోడల దగ్గరికి వెళ్తారు. ఆమె ఇల్లు గడిచేది వాళ్ళ వల్లే.

మాస్టారి పద్ధతి ఒకటుండేది. ఎవరు వచ్చినా వాళ్ళను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తాను బల్లకు అవతలున్న కుర్చీలో కూర్చునేవారు. అక్కడి నుంచి స్క్రీన్ కనబడదు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకునేవారు.

“ఇప్పుడు నేను విజయనగరంలో ఉన్నాను. నువ్వెవరో నాకు తెలీదు. పెళ్ళాం పిల్లలతో వచ్చే నెల ఓడ ఎక్కుతున్నాను. చెప్పు, ఏమని వెతుకుతాను?”

ఒక లాడ్జి యజమాని ఛాతీ విరుచుకుని, “స్వర్గంలాంటి విడిది అని వెతుకుతారు మాస్టారూ,” అన్నాడు. అతని సైట్ మొదటి పేజీ నిండా ఉన్నది అదే.

“స్వర్గానికి ఇప్పుడే ఎందుకయ్యా? నాకు గది కావాలి. జెట్టీకి ఎంత దూరం, వేడినీళ్ళు వస్తాయా, పిల్లాడికి పొద్దున్నే పాలు దొరుకుతాయా. ఇవి రాశావా?”

“అవన్నీ ఫోన్ చేస్తే చెప్తాం కదా.”

“నువ్వు కనబడితే కదా ఫోన్ చేసేది!”

ఈ కుర్చీ ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అందులో నా పాత్ర కూడా ఉంది.

సునామీ వచ్చిన వారం మాస్టారి బడి సహాయ శిబిరమైంది. హట్ బే నుంచీ, నికోబార్ దీవుల నుంచీ ఓడల్లో తెచ్చినవాళ్ళను తరగతి గదుల్లో ఉంచారు. చేతిరాత బావుంటుందనీ, తెలుగు, హిందీ రెండూ వచ్చనీ పేర్లు రాసే పని ఆయనకిచ్చారు. ఆయన బడి రిజిస్టరు రాసినట్టే రాశారు. పేరు, వయసు, ఏ ఊరు, ఏ గది. అందులోని తెలుగువాళ్ళ జాబితాను, అప్పట్లో అక్కడ విలేకరిగా ఉన్న నేను విశాఖపట్నంలోని మా పత్రికకు ఫ్యాక్స్ చేశాను. ఒక్క ముక్క అదనంగా అడగలేదు, చేర్చలేదు. మర్నాడే అచ్చయింది.

శ్రీకాకుళం తీరంలో ఒక ఊళ్ళో టీ దుకాణం దగ్గర ఆ జాబితాను పైకి చదివారట. అందులో నలుగురు అప్పారావులున్నారు. ఒకరి పక్కన ‘హట్ బే’ అని ఉంది. తమ అప్పారావు అండమాన్‌లో చేపల వేట చేస్తున్నాడని ఊరికి తెలుసు. హట్ బే అనే చోటొకటి ఉందని తెలియదు. తండ్రి పేరు లేదు, సొంత ఊరి పేరు లేదు. అందులో తమవాడు లేడనుకున్నారు. అతని బోటును అల పట్టుకుపోయిందని అంతకుముందే ఎవరో ఫోన్‌లో చెప్పారు. పదో రోజున అతనికి కర్మ చేశారు. పురిటికి పుట్టింటికి వచ్చిన అతని భార్య చేతి గాజులు తీయించారు. ఆ రోజు అప్పారావు మా శిబిరంలో నాలుగో గదిలో, కాలికి కట్టుతో, అందరికీ గంజి పోస్తున్నాడు.

పన్నెండో రోజున అతనికి ఫోన్ దొరికింది. మాట్లాడి నేరుగా మాస్టారి బల్ల దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

“మావోళ్ళు నాకు దినం సేసేసినారు మాస్టారూ.”

మాస్టారు రిజిస్టరు తెరిచారు. “నీది ఏ ఊరని అడిగాను కదయ్యా?”

“అడిగినారు. హట్ బే అన్నాను. నానుండేది అక్కడే కదేటి.”

మాస్టారు ఆ పేజీలో అతని వరస మీద వేలు పెట్టారు. అతను అబద్ధం చెప్పలేదు. ఈయన తప్పు రాయలేదు. నేను పంపినదాంట్లోనూ పొరపాటు లేదు. ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి, అప్పారావు నిలబడ్డ వైపుకు వచ్చి రిజిస్టరును అటునుంచి చూశారు.

“మనకు తెలిసింది రాశాం,” అన్నారు నాతో. “వెతికేవాళ్ళకు తెలిసింది రాయలేదు.”

ఆ మధ్యాహ్నమే కొత్త జాబితా మొదలుపెట్టారు. ఒక్కొక్కరినీ పిలిచి తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఊళ్ళో ఏమని పిలుస్తారు, ఎవరితో కలిసి దీవులకు వచ్చారు అని అడిగారు. నేను మళ్ళీ ఫ్యాక్స్ చేశాను. రెండో జాబితా వల్ల ఎందరు దొరికారో నా దగ్గర లెక్క లేదు, కాబట్టి చెప్పను.

కొన్ని నెలలకు అప్పారావు భార్య పసిబిడ్డతో ఓడ దిగింది. మాస్టారు అబర్డీన్ బజార్‌లో డజను ఎర్ర గాజులు కొని పట్టుకెళ్ళారు. ఆమె తీసుకుంది, వెంటనే తొడుక్కుంది, ఏమీ అనలేదు. అనడం తర్వాత మొదలైంది. జంగ్లీఘాట్‌లో భోజనాల ఇల్లు పెట్టింది ఆమే, ఊరంతా దీదీ అని పిలిచేదీ ఆమెనే. మాస్టారు గుమ్మంలో అడుగు పెడితే చాలు, తింటున్నవాళ్ళతో, “ఈయనే అండీ, నా గాజులు తీయించిన మాస్టారు,” అనేది. మొదట్లో ఆయన తల దించుకునేవారు. తర్వాత్తర్వాత, “ఆ నేరానికే ఇక్కడ రోజూ ఈ పులుసు తాగుతున్నాను,” అనడం నేర్చుకున్నారు.

దీదీ మొదటి వెబ్‌సైట్ ఆమె మరిది చేసిపెట్టాడు. చేపల ఫొటోలు బావున్నాయి. చిరునామా ‘ఘాట్ దగ్గర, ఐస్ ఫ్యాక్టరీ వెనక’. రెండు నెలలైనా దాన్ని చూసి వచ్చినవాళ్ళు లేరు. మాస్టారు ఎదుటి కుర్చీ లాక్కున్నారు.

“ఓడ దిగాను. ఆకలేస్తోంది. ఏ ఐస్ ఫ్యాక్టరీ?”

“మన ఐస్ ఫ్యాక్టరీయే మాస్టారూ.”

“నాకు ‘మన’ లేదమ్మా, నేను విజయనగరం వాణ్ణి. ఈ పేజీలో పోర్ట్ బ్లెయిర్ అని ఎక్కడుంది? అండమాన్ అని ఎక్కడుంది?”

దీదీ నవ్వింది. “అండమాన్ అని రాయాలేటి? నానుండేది ఇక్కడే కదేటి.”

“మీ ఆయనా ఇదే మాట అన్నాడు. నేను జాబితాలో అదే రాశాను.”

ఆమె నవ్వు ఆగిపోయింది. గాజులు వెనక్కి తోసుకుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పేజీ పైన పెద్ద అక్షరాల్లో ‘పోర్ట్ బ్లెయిర్, అండమాన్‌లో ఆంధ్రా చేపల భోజనం’ అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. దీవుల్లో ఉండేవాళ్ళం అందరం చేసే తప్పే ఇది. చుట్టూ నీళ్ళున్నవాడికి తాను దీవిలో ఉన్నానని చెప్పాలని తోచదు.

ఆయన చెప్పే మిగతా మాటలు కూడా ఇంత సాదాగానే ఉండేవి. ఒక పేజీలో ఒక్క సంగతే ఉండాలనేవారు. గదులకొకటి, భోజనానికొకటి, దారి చెప్పడానికొకటి. ఉపగ్రహం మీద నెట్ నడిచిన రోజుల్లో ఒక్కో ఫొటో తెరుచుకునేలోపు టీ చల్లారిపోయేది. అందుకే ఫొటోలు చిన్నవి చేయించేవారు. సముద్రం అడుగున కేబుల్ వచ్చాక కూడా మాన్పించలేదు. “నీకు కేబుల్ వచ్చింది, వాడు ఓడ డెక్ మీద ఉన్నాడు,” అనేవారు. ప్రతి ఫొటో వెనక, పేజీ కోడ్‌లో, అదేమిటో ఒక ముక్క రాయించేవారు, సర్చ్ ఇంజిన్‌కు కళ్ళు తక్కువ, చదువు ఎక్కువ అని.

మెయిన్‌ల్యాండ్ నుంచి ఎవరో మొదటి స్థానం గ్యారంటీ అని చెబితే, ఒక లాడ్జి ఆయన తన పేజీ అడుగున తెల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాల్లాగా ‘అండమాన్ హోటల్’ అని నలభై సార్లు రాయించుకున్నాడు. వెతికితే కొన్నాళ్ళు అతని సైట్ ముందుకొచ్చింది. సర్చ్ ఇంజిన్ ఆ మోసం పసిగట్టాక అసలు లేకుండా పోయింది. మాస్టారు అతన్ని కూర్చోబెట్టి, ఆ నలభై ముక్కలూ పైకి చదవమన్నారు. పదహారో దానికి అతను, “బస్, మాస్టారూ, మాఫ్ కర్‌దో,” అని చేతులు జోడించాడు. స్కూటర్ల దుకాణం వాడు చుట్టాల చేత సైట్‌లో పొగడ్తలు రాయిస్తుంటే ఇంకో మాట. “బండి నడిపినవాణ్ణి అడుగు, బావమరిదిని అడగకు.” దిద్దిన ప్రతిసారీ ఒకటే హెచ్చరిక. ఇవాళ రాసి రేపు చూడొద్దు, కొన్ని వారాలు ఆగు. ఈలోగా వచ్చినవాళ్ళు ఏ మాటలతో వెతికి వచ్చారో చూస్తూ ఉండు.

పోర్ట్ బ్లెయిర్ పేరు అధికారికంగా శ్రీ విజయపురం అయినప్పుడు, కొత్త పేరే పెట్టాలా, పాతదే ఉంచాలా అని మా వీధిలో వాదన నడిచింది. మాస్టారు అందులోకి దిగలేదు. పదకొండు సైట్లలోనూ రెండు పేర్లూ రాయించారు. వెతికేవాళ్ళలో ఎవరికి ఏది తెలుసో మనకు తెలియదు కదా అన్నారు.

మాస్టారు పోయిన మంగళవారం అప్పారావు వేట నుంచి నేరుగా వచ్చాడు. పాడె మోసినవాళ్ళలో అతనొకడు. శ్మశానం నుంచి తిరిగొచ్చాక దీదీ నన్ను పక్కకు పిలిచింది.

“బుధవారం వస్తానన్నారు భయ్యా. అబ్ క్యా కరే, ఇప్పుడేటి సెయ్యాలి? ఆ సైట్‌లో నాకు తెలిసింది ఒక్క లైనే. నా సేత్తో కొట్టిందే.”

మాస్టారి భార్య లోపలి నుంచి ఆయన నోటుబుక్ తెచ్చిచ్చారు. ఒక్కో వ్యాపారానికి నాలుగు పేజీలు. దీదీ పేజీల్లో చివరిది ఆసుపత్రికి వెళ్ళేముందు రాసింది. రాత కొంచెం వంకరపోయింది, అక్షరాలు మాత్రం పూర్తిగా ఉన్నాయి.

‘పాత పేజీ తీసేయొద్దు. పాత లింకు నొక్కినవాడు కొత్త పేజీకి చేరాలి. కొత్త చిరునామా మొదటి వాక్యంలోనే. ఇదివరకు జంగ్లీఘాట్‌లో ఉన్న భోజనాల ఇల్లే ఇది అని కూడా రాయాలి, పాతవాళ్ళు అలాగే వెతుకుతారు. మ్యాప్‌లో గుర్తు అదే రోజు మార్చాలి. ఫోన్ నంబరు అన్ని చోట్లా ఒకటే. ఇవన్నీ దీదీయే చేయగలదు. నేను ఎదురుగా కూర్చుంటే చాలు.’

దీదీ తెలుగు మాట్లాడినంత వేగంగా చదవలేదు. వేలు పెట్టి, ఒక్కో మాటా పైకి చదువుకుంటూ చివరిదాకా వెళ్ళింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది. తర్వాత పుస్తకం మూసి, “ఐతవారం కాళీ ఉంటారేటి భయ్యా?” అంది.

ఆదివారం ఉదయం పది గంటలకు, జంగ్లీఘాట్ ఇంట్లో, బల్లలు బండికెక్కించక ముందు, దీదీ తన పేజీ తానే మారుస్తుంది. నన్ను ఎదుటి కుర్చీలో కూర్చోమంది. నేను విజయనగరంలో ఉండాలి. ఆకలితో ఉండాలి. ఆమె ఎవరో నాకు తెలియకూడదు.