మస్తాన్ బీ పొట్టు పొయ్యి

మొన్న మధ్యాహ్నం ఆత్మకూరులో చెక్క కోత మిల్లులో పని ముగించుకుని వచ్చి ఇంటి తాళం తీశాను. లోపల ఎవరూ లేరు. అయినా చుక్కకూర, వంకాయ కలిసి మగ్గిన వాసన గడపలోనే ఎదురొచ్చింది. మా కోడలు ఆసుపత్రిలో నర్సు. పొద్దున డ్యూటీకి పోతూ, కొత్తగా కొన్న కరెంటు కుండలో కూరగాయలు సర్ది, మూత పెట్టి, మీట నొక్కి పోయింది. కలిపే మనిషి లేకుండానే కూర తనపాటికి తాను సన్నగా ఉడుకుతోంది. భోజనానికి పిలిచిన మా ఆడబిడ్డ నా వెనకే వచ్చి, ఆ కుండ చుట్టూ తిరిగి చూసి, "ఎంత తెలివైన వస్తువు వదినా. ఆడదాని పొద్దంతా మిగిలిపోయినట్టే" అనింది. నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళ కిందట ఉదయగిరిలో అచ్చంగా ఇదే పని చేసిన మనిషిని, ఇదే నోరు "ఒళ్ళు వంగని ఆడది" అనడం నేను విన్నాను. వస్తువు చేస్తే తెలివి, మనిషి చేస్తే సోమరితనం. లెక్కలతో బతికేదాన్ని నేను. ఈ లెక్క మాత్రం నాకు ఎప్పుడూ తేలలేదు.

ఆ మనిషి పేరు మస్తాన్ బీ. నేను కొత్త కోడలిగా ఉదయగిరికి వచ్చినప్పుడు మాకు పక్కిల్లు, మధ్యలో మొలెత్తు మట్టిగోడ. వాళ్ళది చెక్క చెంచాలు, దువ్వెనలు చెక్కే ఇల్లు. భర్త కొండ చెక్క తెచ్చి రంపంతో కోసేవాడు. సన్నపనంతా ఆమెది. ఆ ఇంట్లో రంపపు పొట్టుకు కొదవ లేదు. పొద్దున్నే ఒక రేకు డబ్బా ముందేసుకుని, నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి రోకలితో గట్టిగా కూరేది. సీసా పైకి లాగితే నడుమ గొట్టంలాంటి సందు మిగిలేది. డబ్బా అడుగున ఉన్న బెజ్జంలోంచి నిప్పు అంటించేది. మంట లేవదు, రగులుతూ మాత్రం ఉంటుంది. దాని మీద మట్టికుండ. అడుగున సొరకాయ ముక్కలు, వాటిపైన చేమదుంపలు, ఆపైన చీల్చిన వంకాయలు, అన్నిటికీ కప్పినట్టు చుక్కకూర. నీళ్ళు పోసేది కాదు, సొరకాయే నీళ్ళు ఇడుస్తుంది అనేది. మూత అంచుకు పిండి ముద్ద అంటించి, లేచి ఉలి పట్టుకునేది. మధ్యాహ్నం దాకా పొయ్యి వంక చూసేది కాదు.

గోడ ఇవతల నేను పొయ్యి ముందు గొంతుకూర్చుని, పొగలో కళ్ళు నలుపుకుంటూ ఊదుగొట్టంతో ఊదుతుండేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "పిన్నమ్మా, మధ్యలో ఒకసారన్నా మూత తీసి చూడవా?"

"చూస్తే ఏమొస్తాది? ఆవిరి పోతాది" అనింది ఉలి ఆపకుండా. "పొద్దస్తమానం మూత తీసే ఆడది వంట చేసినట్టు కాదు పిల్లా, కూర మీద అనుమానం పడినట్టు."

ఆమె మోకాలి మీద సగం చెక్కిన దువ్వెన ఉంది. దారాన్ని సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి మడిచి, పళ్ళు ఎక్కడెక్కడ రావాలో గుర్తులు పెడుతోంది. నేను చదివింది ఐదో తరగతి. భిన్నాలు అర్థం కాకముందే బడి మాన్పించారు. ఆ దారం మడతల్లో భిన్నాలు కనిపించేసరికి ఇక గోడ ఇవతల ఉండబుద్ధి కాలేదు. రోజూ మధ్యాహ్నాలు పోయి ఆ పని నేర్చుకోవాలని పట్టుబట్టాను.

అత్త ఒప్పుకోలేదు. "మగోళ్ళు చేలోంచి వచ్చేసరికి పొయ్యి కాడ మనిషి లేకుంటే అది కొంపా, సత్రమా?" అనింది. పొట్టు పొయ్యి మీద పెట్టి పోతానంటే, "ఆ సాయిబుల పొయ్యి మనకేంది?" అని మూతి తిప్పింది. మా ఆడబిడ్డకప్పుడు ఇంకా పెళ్ళి కాలేదు. "మస్తాన్ బీ, మా వదినని కూడా ఒళ్ళు వంగని ఆడదాన్ని చేస్తా ఉండాది" అని నవ్వింది. మస్తాన్ బీ తెల్లారినప్పటి నుంచి దీపాల వేళ దాకా వంచిన తల ఎత్తకుండా చెక్కేది. ఆ వంగడం వీళ్ళ లెక్కలోకి రాలేదు. పొయ్యి ముందు వంగితేనే వంగినట్టు.

నా పోరు పడలేక ఒకసారి చేసి చూడమన్నారు. చేశాను. అత్త నిలవలేకపోయింది. నేను బావికి పోతే ఒకసారి, పేడ ఎత్తుతుంటే ఒకసారి, "ఉడికిందా, మాడిందా" అంటూ పిండి పగలగొట్టి మూత తీసింది. ఆవిరంతా పోయి చేమదుంపలు రాళ్ళలా మిగిలాయి. పంక్తిలో అందరూ వింటుండగా, "ఆ పొయ్యి సంగతి నేను ముందే చెప్పినాను" అనింది. మూత తీసిన చెయ్యి ఎవరిదో ఎవరూ అడగలేదు. చివరికి నేను ఏడ్చి గోల చేస్తే ఒక షరతు పెట్టింది. కలిగిరి నుంచి మా మామ స్నేహితులు నలుగురు భోజనానికి వస్తున్నారు. ఆరోజు కూర వాళ్ళు మెచ్చుకుంటే నేను మధ్యాహ్నాలు పోయి నేర్చుకోవచ్చు. లేకుంటే ఆ డబ్బా మళ్ళీ పెరట్లో కనబడకూడదు, గోడ దగ్గర నేనూ కనబడకూడదు.

ఆ పొద్దున మస్తాన్ బీ మా పెరట్లోకి వచ్చి పొట్టు కూరింది. కుండ మాత్రం తాకకూడదని అత్త ముందే చెప్పింది. వచ్చినవాళ్ళు తినే కూరకు ఆమె చెయ్యి తగలకూడదట. ఆమె తెచ్చిన పొట్టు, ఆమె కూరిన పొయ్యి, ఆమె చెప్పిన వరస, చెయ్యి మాత్రం పనికిరాదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె రెండడుగులు వెనక్కి జరిగి, నాతోనే అన్నీ సర్దించి, పిండి పెట్టించింది. తర్వాత పీట ఒకటి తెచ్చి పొయ్యి పక్కన వేసి అత్తను పిలిచింది.

"వదినా, నువ్వు ఈడ కూచో. కాపలా నీదే. కోడలు గానీ కూతురు గానీ పిల్లి గానీ, ఎవురొచ్చినా మూత తీయనీమాక."

"నేనుండగా ఎవురు తీస్తార్లే" అని అత్త కొంగు దోపుకుని కూర్చుంది. నిజంగానే ఎవరినీ రానివ్వలేదు. తన చెయ్యిని కూడా తానే ఆపుకుంది.

కూర వెన్నలా వచ్చింది. కలిగిరి పెద్దమనుషులు మారు వడ్డించుకున్నారు. ఒకాయన "ఎవురి చేతి వంటమ్మా ఇది?" అన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి, "నాదేనన్నా. తెల్లారినకాణ్ణించి పొయ్యి కాణ్ణించి లేవలేదు" అనింది. పొట్టు మాట లేదు, మస్తాన్ బీ మాట లేదు. నేను మజ్జిగ గిన్నె అక్కడే పెట్టేసి, గోడ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను.

మస్తాన్ బీ నవ్వింది. "నిజమే కదా, లేవలేదు. లేస్తే మూత తీసుండేది."

"నీకు కోపం రాలేదా పిన్నమ్మా?"

"పేరు ఆమెని తీసుకోనీ పిల్లా. పొద్దు నువ్వు తీసుకో."

నేను పొద్దు తీసుకున్నాను. అత్త మాట తప్పలేదు, ఆ మేరకు ఆమెను మెచ్చుకోవాలి. కొన్నేళ్ళ పాటు మధ్యాహ్నాలన్నీ ఆ వాకిట్లోనే గడిచాయి. నాకు మంచి దువ్వెన చెక్కడం ఎప్పటికీ రాలేదు గానీ దారం మడతలు వచ్చాయి. చెక్కను చూసి అందులో ఏమేం వస్తాయో, ఎంత పొట్టు కింద పోతుందో చెప్పడం వచ్చింది. మా ఆయన లారీ పని ఆత్మకూరుకు మారాక నాకు కోత మిల్లులో కొలతల పని దొరికిందంటే ఆ మధ్యాహ్నాల పుణ్యమే. కానీ ఆమె చెప్పిన మాటలో రెండో సగాన్నే నేను ఒప్పుకున్నాను. మొదటి సగం అప్పుడూ గొంతు దిగలేదు.

మేము ఊరు మారేముందు ఉదయగిరిలో ఒక సభ జరిగింది. చెక్కపనిని మెచ్చుకుంటూ అధికారులు మస్తాన్ బీ భర్తను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆయన పక్కన బల్ల మీద పెట్టిన దువ్వెన ఆమె చెక్కింది. గుర్తులు పెట్టేటప్పుడు దారం రెండో కొస నేనే పట్టుకున్నాను. మాట్లాడినాయన, "ఇంట్లో ఆడవాళ్ళు కూడా సాయం చేస్తుంటారు" అన్నాడు. సాయమట. ఆరోజు ఆ అధికారులు తిన్న కూర కూడా ఆమె పొట్టు పొయ్యి మీదే ఉడికింది. ఆమె ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుని చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

మేము ఊరు మారిన చాలా ఏళ్ళకు ఒకసారి ఆమెను చూడబోయాను. కళ్ళల్లో పొర కమ్మింది. ఉలి పక్కన పెట్టేసింది. పొయ్యి మాత్రం చేత్తో తడుముకుంటూనే కూరుతోంది. నా గొంతు గుర్తుపట్టి, నా చెయ్యి తడిమి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీకొక మాట తప్పు చెప్పినాను పిల్లా" అనింది. "పేరు పోతే పోనీ, పొద్దు తీసుకో అన్నాను కదా. పొద్దు అయిపోయింది. పేరు ఉండాది, ఇంకొకరి కాడ."

ఆ పూట ఆమె వండిన కూరే తిని బస్సెక్కాను. ఆ తర్వాత ఆమెను చూడలేదు.

మొన్న భోజనానికి కూర్చున్నాక మా ఆడబిడ్డ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "అచ్చం మా అమ్మ చేతి కూరే వదినా. నీ చేతికీ ఆ గుణం వచ్చింది" అనింది.

"ఇది నేను వండలేదు. నా కోడలు వండింది" అన్నాను. "పొద్దున పెట్టి డ్యూటీకి పోయింది. పొయ్యి కాడ ఎవరూ కూర్చోలేదు. మీ అమ్మ చేతిది అంతకన్నా కాదు. సొరకాయ అడుగున, చుక్కకూర పైన అని నేను కోడలికి చెప్పిన వరస నాకు నేర్పింది మస్తాన్ బీ. మన పక్కింటి మస్తాన్ బీ."

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు వదినా?" అనింది ఆడబిడ్డ.

"పేరు చెప్పు" అన్నాను.

ఆమె కంచంలోకి చూసింది. తర్వాత మెల్లగా, "మస్తాన్ బీ" అనింది.

అప్పుడు మారు వడ్డించాను.